కంపనముపై కంపనము

వైణికులు తీగను లాగి విడుచుచు స్వరమును మెల్లగా నూపుదురు. దానిని కంపిత గమక మందురు. ఆ యూపు సెకనుకు అయిదారు మారులు జరిగినపుడు స్వరము పైకిని క్రిందికిని పోవుట చెవికి స్పష్టముగా తెలియును. అదే యూపు సెకనుకు నూరు మారులైనచో నేమగును? చేతి కిది యసాధ్యము.

1967వ సంవత్సరమున అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ అను సంగీతకర్త కంప్యూటరుచే నీ పని చేయించి వినెను. వేగము ఒక హద్దు దాటగానే ఊపు వినబడుట మానెను. దానికి మారుగా నాదగుణమే మారిపోయెను.

కారణము త్రికోణమితిలో నున్నది. సెకనుకు 400 కంపనములు గల మూలనాదమును 100 కంపనముల తరంగముతో నూపినచో, దాని కిరుప్రక్కల 300, 500, 200, 600, 100, 700 ఇట్లు క్రొత్త నాదములు పుట్టును. అన్నియు 100కు గుణిజములే గనుక చెవి వానిని ఒకే స్వరముగా గ్రహించును. ఊపు లోతు హెచ్చినకొలది ప్రక్కనాదములు బలపడి ధ్వని తీక్ష్ణమగును. మూలనాదము 200, ఊపు 280 అయినచో పుట్టిన నాదములు అట్టి సరళక్రమమున నిమడవు. వానిని మొదట బలముగా నుంచి క్రమముగా తగ్గించినచో గంట మ్రోగును. మా బడి కంప్యూటరుపై నే నీ లెక్క వేసి వినిపించగా వెనుక బల్లనుండి "మాస్టారూ, లాంగ్ బెల్లు!" అని కేక వచ్చినది. తక్కిన పాఠము సాగించుట కొంత కష్టమే యైనది.

బాకా సంగతి ఇంకను వింతయైనది. బలముగా నూదినకొలది దాని ధ్వని పెద్దదగుటయే గాక పదునెక్కును. దీనిని ఝాన్ క్లోద్ రిసే అను ఫ్రెంచి సంగీతకర్త అంతకుముందే విశ్లేషించి చూపెను. చౌనింగ్ 1971లో ఊపు లోతును ధ్వనిబలముతో ముడివేయగా, పెక్కు నాదములను ఒక్కొక్కటిగా పేర్చు శ్రమ లేకయే, రెండు తరంగములతో బాకా పలికెను.

ఈయన గణితజ్ఞుడు గాడు. తాళవాద్యములు వాయించినవాడు, ప్యారిస్‌లో నాదియా బూలాంజే యొద్ద స్వరరచన నేర్చినవాడు. చెవి ముందు వినెను, సూత్రము పిదప వచ్చెను. మన తరగతులలో క్రమము దీనికి తలక్రిందు. సూత్రము నేటికి, వినుట ఎన్నటికో!

ఆయన వ్యాసము 1973లో వెలువడెను. అమెరికా ఆర్గను నిర్మాతలు దీనిని కాదనగా జపానులోని యమహావారు గైకొనిరి. వారు 1983లో విక్రయించిన డీఎక్స్ 7 వాద్యమున ఒక్కొక్క స్వరమునకు ఆరు తరంగములు, వానిని కూర్చుటకు 32 విధములు కలవు.

సన్నాయి పలికించు నిష్పత్తికై మా పదవ తరగతివారు మధ్యాహ్న విరామములలో వెదకుచున్నారు. ఇంతవరకు దొరికినది లారీ హారను.