వెండి మీద ఎరుపు

గమ్ ప్రింట్ అనగానే మా టీమ్‌లో ఒకడు "బబుల్‌గమ్మా?" అన్నాడు. కాదు బాబూ, జిగురు! మన తుమ్మచెట్టుకి బంక కారుతుంది చూడండి, దాని చుట్టం లాంటి చెట్టు నుంచి వచ్చే గమ్ అరబిక్. అందులో వాటర్ కలర్, పొటాషియం డైక్రోమేట్ కలిపి కాగితానికి పూస్తాం. ఆరాక పైన నెగెటివ్ పెట్టి ఎండలో ఉంచుతాం. వెలుగు తగిలిన చోట జిగురు గట్టిపడి రంగుని పట్టేసుకుంటుంది. తగలని చోట నీళ్లలో మెల్లగా కరిగిపోతుంది. 1850ల నాటి విద్య ఇది. ఏ రంగు కావాలంటే ఆ రంగు వేసుకోవచ్చు. కాకపోతే ఒక్క పూతలో సన్నటి వివరాలు సరిగా దిగవు.

వెండి గుణం వేరు. నేను చేసేది వాన్‌డైక్ బ్రౌన్. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, టార్టారిక్ ఆసిడ్, సిల్వర్ నైట్రేట్ కలిపి పూసి, ఎండలో పెట్టి, నీళ్లలో కడిగి, పల్చటి హైపోలో కాసేపు ఉంచితే చాలు, ముదురు గోధుమ రంగు బొమ్మ వస్తుంది. కంటి కొసన ముడత కూడా కనిపిస్తుంది. కానీ రంగు అదొక్కటే.

నాకు రెండూ కావాల్సి వచ్చాయి. మా తాతయ్య గుంట మగ్గం మీద నేస్తున్న ఫొటో మా ఇంట్లో ఒక్కటే ఉంది, అదీ పాత ఫోన్‌తో తీసింది. మగ్గం అమ్మేశారు, తాతయ్యా లేరు. అమ్మ ఫోన్ మార్చిన ప్రతిసారీ ఆ ఫొటో ఉందో పోయిందో అని నాకు భయం. అందుకే ఓహెచ్‌పీ షీట్ మీద నెగెటివ్ తీసి, వాన్‌డైక్‌లో ప్రింట్ చేసి అమ్మ చేతిలో పెట్టాను. చాలాసేపు చూసింది. "మొహం బాగా వచ్చిందే. మరి ఆ చీర ఎర్రది కదా?" అంది.

సరే, చీర వరకే ఇంకో నెగెటివ్ చేసి, పైన ఎర్ర గమ్ వేద్దామనుకున్నా. ఫొటోషాప్‌లో అయితే ఇంకో లేయర్, అంతే. కాగితం మీద అలా కుదరదు. డైక్రోమేట్ గట్టి ఆక్సిడైజర్. కింద ఉన్న వెండి రేణువుల్ని అది మళ్లీ లవణంగా మార్చేయగలదు. కాగితంలో ఆమ్లమో, క్లోరైడో మిగిలుంటే ఇక చెప్పక్కర్లేదు. చీరకి రంగొచ్చేలోపు తాతయ్య మొహం పాలిపోవచ్చన్నమాట.

ఎడ్వర్డ్ స్టైకెన్‌కి ఈ బాధ లేదు. న్యూయార్క్ ఫ్లాటిరన్ భవనాన్ని 1904లో తీసి, ప్లాటినం ప్రింట్ మీద గమ్ పూతలు వేశాడు. ఆ ప్రింట్లలో ఒకటి 2022 వేలంలో కోటి డాలర్లు దాటింది. ప్లాటినం దేనికీ చలించదు. వెండి అలా కాదు, మన పట్టీలే నల్లబడిపోతాయి కదా!

దీనికి మందు బంగారం. గోల్డ్ క్లోరైడ్ ద్రావణంలో ఉంచితే వెండి రేణువులకి బంగారం పూతలా పడుతుంది. బంగారం కొంటున్నానంటే అమ్మ మొహం వెలిగిపోయింది. చిన్న సీసాలో పసుపు నీళ్లు చూశాక మాత్రం రెండ్రోజులు మాట్లాడలేదు.

అసలు ప్రింట్ జోలికి వెళ్లకుండా ముందు ఓ ముక్కని రెండుగా కోశాను. ఒక సగానికి బంగారం పట్టించి, రెండో సగాన్ని అలాగే వదిలేసి, రెండింటికీ డైక్రోమేట్ పూశా. బంగారం లేని సగం గంటలో తేలిపోయింది. రెండోది దాదాపు అలాగే ఉంది. ఆ 'దాదాపు' దగ్గర వారం రోజులు ఆగాను.

తర్వాత డైక్రోమేట్ బాగా పల్చన చేసి, బదులుగా ఎండలో ఎక్కువసేపు ఉంచాను. తడిస్తే కాగితం కుంచించుకుపోయి రెండు నెగెటివ్‌లూ కలవవు కాబట్టి, మొదటి పూతకి ముందే వేడినీళ్లలో నానబెట్టి ఆరబెట్టి ఉంచా. (మీరు చేస్తే మాత్రం గ్లవ్స్ తప్పనిసరి. డైక్రోమేట్ క్యాన్సర్ కారకం. వంటింటి గిన్నెలు వద్దు, సింక్‌లో పారబోయొద్దు.)

గోరువెచ్చటి నీళ్ల ట్రేలో బోర్లించి, అరగంట తర్వాత తిప్పి చూస్తే మగ్గం మీద ఎర్రటి చీర! మడతల్లోంచి గోధుమ రంగు నీడ తొంగి చూస్తోంది. అందుకే అది రంగేసినట్టు లేదు, నేసినట్టుంది. తాతయ్య మొహం ఉన్నట్టే ఉంది. కుడి చేతివేళ్ల దగ్గర మాత్రం వెండి కాస్త తేలింది.

అమ్మ మళ్లీ చాలాసేపు చూసింది. "ఇంకాస్త ముదురెరుపే, అది పెళ్లి చీర" అంది. ఇంకో పూతంటే ఆ వేళ్లు మరోసారి డైక్రోమేట్ కింద పడాలి. నెగెటివ్‌లో చేతుల చుట్టూ నల్లగా మూసినా లాభం లేదు, పూత తగిలితే చాలు. సన్నటి కుంచెతో చీర వరకే పూసి చూడాలి. కొత్త కుంచె కొన్నాను. ఆదివారం ఎండ కాస్తే మేడ మీదకి ఎక్కుతా.