గోడకి అవతల ఏడుగురు

రచయిత్రి పక్కింట్లో ఎవరుంటే బావుంటుందని నన్నెవరైనా అడిగితే, చెవులు సరిగ్గా వినపడని ముసలి దంపతులుంటే బావుంటుందని చెప్పి ఉండేదాన్ని. కూకట్‌పల్లిలో మేం ఫ్లాటు కొనుక్కున్న రెండేళ్లకి పక్క ఫ్లాటులోకి ముసలి దంపతులే వచ్చారు. నా అదృష్టానికి నేనే మురిసిపోయాను. ఆరునెలలు తిరక్కుండా వాళ్ల గుమ్మం ముందు బుల్లి చెప్పులు ఒక జత ప్రత్యక్షమైంది. మనవడు వచ్చాడేమో అనుకున్నాను. తర్వాత మూడు జతలయ్యాయి. దసరా వెళ్లేసరికి ఏడు! ఒకే వయసు మనవలు అంతమంది ఎవరికైనా ఉంటారా, మీరే చెప్పండి.

అప్పుడు తెలిసింది, ఆవిడ ఉద్యోగాలకి వెళ్లేవాళ్ల పిల్లల్ని పగలంతా చూసిపెడుతోందట. డబ్బుకి.

ఈ 'డబ్బుకి' అనే మాటని మా బిల్డింగులో అందరూ ఒకలాగే అంటారు, గొంతు కాస్త తగ్గించి, మూతి కాస్త తిప్పి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నేనూ అలాగే అన్నాను.

ఉదయం ఎనిమిదింపావుకి లిఫ్టు తలుపు చప్పుడుతో మొదలవుతుంది. ఒక తల్లి, చంకలో ఒక బిడ్డ, భుజాన ఒక సంచీ. సంచీలో రెండు జతల బట్టలు, పాలసీసా, పేరు రాసి అంటించిన స్టీలు డబ్బా. గుమ్మంలో ఒక పెద్ద ఏడుపు. అది సద్దుమణిగేలోగా రెండో లిఫ్టు, రెండో ఏడుపు. పదింటికి చప్పట్లూ పాటలూ. పదకొండున్నరకి పప్పన్నం దగ్గర యుద్ధం. "మింగు నాన్నా, మింగు. మింగితే కాకిని చూపిస్తా" అని ఆవిడ బతిమాలడం నాకు స్పష్టంగా వినిపిస్తుంది. ఆ కాకి కోసం నేను కూడా వంటింటి కిటికీలోంచి చూసిన రోజులున్నాయి.

ఒంటిగంటకి అందరూ చాపల మీద వరసగా నిద్రపోతారు. మూడింటిదాకా పక్కిల్లు నిశ్శబ్దం. నేను కాగితాలు తీసేది అప్పుడే. "మీ నవలలో నాయికకి కష్టాలన్నీ మధ్యాహ్నం పూటే వస్తాయేమిటండీ?" అని ఒక పాఠకురాలు ఫోన్ చేసి అడిగింది. ఏం చెప్పను? పిల్లలు లేచేలోగా ఆవిడ చేత ఏడిపించేసి, కళ్లు తుడిపించేసి, అధ్యాయం ముగించాలి మరి!

చిరాకులు ఇంకా ఉన్నాయి. వరండా నిండా చెప్పులు. డైపర్ల మూటలు అందరి చెత్తడబ్బాలోనే. సాయంత్రం లిఫ్టు ఎప్పుడు నొక్కినా ఎవరో ఒక అమ్మ ఆదరాబాదరాగా అందులో ఉంటుంది. కింది ఫ్లాటు వాళ్లకి తలమీద పరుగులు. చివరికి అసోసియేషన్ సెక్రటరీగారు మా ఇంటికొచ్చి, "మీరు రచయిత్రి కదండీ, అర్జీ మీరు రాస్తే బలంగా ఉంటుంది. సంతకాలు నేను పెట్టిస్తాను" అన్నారు. నా నవల ఒక్కటీ చదవని మనిషి నన్ను రచయిత్రిగా గుర్తించింది ఆ రోజే. పొంగిపోయి సరేనన్నాను.

బలంగా ఉండాలంటే నాలుగు చట్టాలు ఉటంకించాలి కదా. కూర్చుని వెతికాను. నాకు కావలసినవి దొరికేలోగా నాకక్కర్లేనివి కనిపించాయి. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే, యాభైమందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట వాళ్ల పిల్లలకి యజమాని ఒక గది చూపించాలన్నారు. 1976లో దాన్ని ముప్ఫైమందికి తగ్గించారు. 2017లో ప్రసూతి సెలవుల చట్టాన్ని సవరించి, మొదటి ఇద్దరు పిల్లల వరకూ సెలవు 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలన్నారు. చదవడానికి ఎంతో బావుంది. అయితే పక్కింటికి వచ్చే తల్లుల్లో ఒకామె బట్టల షాపులో పనిచేస్తుంది, ఒకామె చిన్న ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది, ఒకామె వీధిచివర స్కూల్లో టీచరు. షాపులో ఉన్నది ఎనిమిదిమంది, ల్యాబులో ఐదుగురు. యాభై అనే అంకె వాళ్ల గుమ్మంలోకి రానే రాదు. ఇక 26 వారాలంటే ఆరునెలలు. ఆరునెలల బిడ్డ సరిగ్గా కూర్చోనైనా కూర్చోదు.

అయినా అర్జీ రాశాను. అందులో 'నివాసగృహాన్ని వ్యాపారస్థలంగా మార్చిన' అని ఒక వాక్యం చాలా బాగా కుదిరింది. దాన్ని రెండుసార్లు చదువుకుని సంతోషించాను కూడా.

ఆ వారంలోనే ఒక సాయంత్రం కుండపోతగా వాన. ఎనిమిది దాటాక బెల్లు మోగింది. పక్కింటావిడ, వేలు పట్టుకుని రెండేళ్ల పిల్లవాడు.

"అమ్మాయ్, మీ బాబాయిగారి మాత్రలు అయిపోయాయి. మెడికల్ షాపు కట్టేసేలోగా వెళ్లొస్తాను. వీళ్లమ్మ వానలో ఇరుక్కుపోయింది. ఓ పావుగంట చూడవూ?"

ఆవిడ సమాధానం కోసం ఆగలేదు. మోకాళ్లు పట్టుకుంటూ గొడుగుతో లిఫ్టెక్కేసింది.

వాడు లోపలికి రాలేదు. వీపున సంచీతో, బూట్లతో గుమ్మం లోపల గోడకి ఆనుకుని కూర్చున్నాడు. బిస్కెట్టు ఇస్తే పుచ్చుకున్నాడు గాని తినలేదు. లిఫ్టు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడ్డాడు. అది మా అంతస్తులో ఆగకుండా వెళ్లిపోతే మళ్లీ కూర్చున్నాడు. అలా ఏడుసార్లు. ఒక్కసారి కూడా ఏడవలేదు. ఏడాదిగా గోడకి అవతలి గోలంతా విన్నాననుకున్నాను. వీడి గొంతు మాత్రం ఎన్నడూ వినలేదని అప్పుడు తట్టింది.

వాళ్లమ్మ వచ్చేసరికి తొమ్మిదిన్నర. చీర కుచ్చెళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. వాణ్ణి ఎత్తుకోకముందే నాకు క్షమాపణలు మొదలుపెట్టింది. తర్వాత నా బల్లమీది కాగితాలకేసి చూసి, "మీరేనా మేడమ్ అర్జీ రాస్తున్నది?" అంది. కోపంగా అనలేదు. "మామ్మగారు మానేస్తే నేను షాపు మానెయ్యాలండీ. వేరేచోట నెలకి పదివేలు అడుగుతున్నారు. నా జీతం పద్నాలుగు" అంది. అంతే. వాడు ఆమె భుజం మీద తల పెట్టాక, ఒక్కసారిగా, బావురుమన్నాడు. అమ్మ వచ్చాక ఏడవడానికి దాచుకున్నాడన్న మాట.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా అబ్బాయి ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడికి పదినెలలప్పుడు నేను మొదటి నవల మొదలుపెట్టాను. తలుపేసుకుని నేను రాసుకుంటుంటే, తలుపుకి అవతల నాలుగేళ్లు వాణ్ణి ఎత్తుకుని తిరిగింది మా అత్తగారు. ఆవిడకీ మోకాళ్ల నొప్పులే. ఆవిడా కాకిని చూపించే పెట్టింది. నవల అచ్చయింది. దాన్ని 'ఎంతో సహకరించిన' మావారికి అంకితమిచ్చాను! మావారు చేసిన సహకారమల్లా ఆఫీసుకి వెళ్లిపోవడం. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని ఆ పేజీ చదివి, "బావుందమ్మా" అని పుస్తకం మూసి, పిల్లవాడికి అన్నం కలపడానికి వెళ్లింది. ఆవిడ పోయి ఆరేళ్లయింది.

ఊరికే చేస్తే అది ప్రేమ, ఎవరూ లెక్కపెట్టరు. డబ్బు తీసుకుంటే అది వ్యాపారం, అందరూ లెక్కపెడతారు. పని మాత్రం ఒకటే. నేను నాలుగేళ్లు ఊరికే వాడుకున్న దానికి ఆ షాపు అమ్మాయి ప్రతినెలా ఆరువేలు లెక్కపెట్టి ఇస్తోంది. మా ఇద్దరిలో మర్యాదస్తురాలెవరు?

మర్నాడు పక్కింటికి వెళ్లి, "పిన్నిగారూ, చెప్పులకి ఒక స్టాండు, డైపర్లకి వేరే డబ్బా పెట్టించరూ?" అన్నాను. "అయ్యో, మొదటే చెప్పొద్దూ!" అందావిడ. సాయంత్రానికల్లా రెండూ వచ్చేశాయి. ఏడాదిపాటు నేను మనసులో పెంచుకున్న పోట్లాట ఇంత చవగ్గా తీరిపోయింది.

గోల తగ్గలేదు లెండి. ఇది రాస్తుంటే కూడా గోడకి అవతల ఎవరో గిన్నెమీద గరిటెతో వాయిస్తున్నారు. నాకేమీ అది సంగీతంలా వినిపించడం లేదు.

నిన్న సెక్రటరీగారు ఫోన్ చేశారు. "అర్జీ ఎంతవరకొచ్చిందండీ?"

"ఎక్కడండీ, రాయనిస్తేగా! ఒకటే పిల్లల గోల" అన్నాను.