రెండో ఎండాకాలం

శంషాబాద్ చుట్టుపక్కల బళ్ళలో జులై అంటే గుంతల నెల. గుంతలు ఎవరో ముందురోజే తవ్వి పెడతారు. పొద్దున్నే పిల్లల్ని వరసలో నిలబెడతారు. గుంతకో మొక్క, మొక్కకి ఆరుగురు పిల్లలు, ఆరుగురికి కలిపి ఒక ఫొటో. పదకొండుకల్లా తంతు ముగుస్తుంది, పన్నెండుకి పిల్లలు లెక్కల క్లాసులో ఉంటారు. ఎయిర్‌పోర్టు రోడ్డు వెంబడి ఉండే ఆఫీసుల్లోనూ ఇదే జరుగుతుంది, కాకపోతే మాకు టీషర్టు కూడా ఇస్తారు.

దీన్ని వెక్కిరించడం చాలా తేలిక. అందుకే ఆ పని పెట్టుకోను. నన్ను తొలిచే ప్రశ్న వేరే ఉంది. పద్నాలుగేళ్ళ నుంచి పద్దెనిమిది దాకా ఉన్న పిల్లలకి ఒంట్లో బలం ఉంటుంది, లోకం మీద కోపం ఉంటుంది, ఏదైనా నిజమైన పని అప్పగిస్తే చేసి చూపించాలన్న ఉబలాటం ఉంటుంది. ఆ వయసువాళ్ళకి నేల గురించి, నీళ్ళ గురించి మనం ఇవ్వగలిగిన పని ఏడాదికి ఒక పూటేనా?

అవకాశాలు లేక కాదు. వన మహోత్సవాన్ని 1950లో మొదలుపెట్టింది కె.ఎం.మున్షీ. అంతకు రెండేళ్ళ ముందు ఆయన హైదరాబాద్‌లోనే భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా ఉన్నాడు. ఎన్.ఎస్.ఎస్. 1969లో వచ్చింది, రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలన్నది దాని లెక్క. ఎం.సి.మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని చదువులో భాగం చేయమంది. నా తరం ఇంజినీరింగ్ వాళ్ళందరం ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ పేపర్ రాసి పాసైంది దాని పుణ్యమే. 2001 నుంచి బళ్ళలో నేషనల్ గ్రీన్ కోర్ కింద ఎకో క్లబ్బులున్నాయి. 2015 జులై 3న ఇక్కడికి దగ్గర్లోని చిలుకూరులో హరితహారం మొదలైంది. అంటే పథకాల కరువు లేదు. వీటిలో చాలావాటికి ఉన్న లోటు ఒకటే: అవి రోజు చుట్టూ తిరుగుతాయి, రుతువు చుట్టూ తిరగవు.

మొక్క బతుకుతుందా లేదా అన్నది నాటిన రోజు తేలదు. మొదటి ఎండాకాలం ఎలాగో ఎవరికో ఒకరికి గుర్తుంటుంది, ట్యాంకర్ వస్తుంది. రెండో ఎండాకాలానికి ఫొటోలోని పిల్లలు పైక్లాసుకి పోయుంటారు, టీచరుకి బదిలీ అయ్యుంటుంది, ట్రీగార్డు ఎవరింటి కంచెలోనో తేలుతుంది. వేరు ఇంకా లోతుకి దిగని మొక్క ఎండేది అప్పుడే. ఈ సంగతి ప్రభుత్వానికి తెలుసు. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటినవాటిలో 85 శాతం బతకాలంటుంది, లేకపోతే సర్పంచి పదవికే ఎసరు. సర్పంచికి బతికినవి లెక్క. పిల్లలకి మాత్రం నాటినవే లెక్క.

నేను, ఇంకో అయిదుగురం కొలీగ్స్ రెండేళ్ళుగా నెలకి రెండు ఆదివారాలు శంషాబాద్ దగ్గర ఒక చిన్న చెరువు మీదికి వెళ్తున్నాం. మాకు పేరు లేదు, బ్యానర్ లేదు. పక్క ఊరి సర్కారు బడి నుంచి తొమ్మిది, పది తరగతుల పిల్లలు పది పన్నెండుమంది వస్తారు. అలుగు దగ్గర అడ్డంపడ్డ ప్లాస్టిక్ తీయడం, కట్ట మీద మొలిచిన సర్కారు తుమ్మ కొట్టడం, మొక్కలకి పాదులు చేసి నీళ్ళు పోయడం – పనులివే. మొదటి నెలలోనే ఒక తొమ్మిదో తరగతి పిల్లాడు అడిగాడు: "అన్నా, కొత్తయి ఎందుకు పెడుతున్నం? పోయినేడు పెట్టినయి యాడున్నయో ఫస్టు చూద్దాం."

చూశాం. బడి వాళ్ళు నాటినవాటిలో వెతగ్గా వెతగ్గా పదకొండు దొరికాయి. ఆ పిల్లాడు పదకొండింటికీ నంబర్లు వేశాడు. ఆ తర్వాత ఆర్నెల్లు మేం ఒక్క కొత్త మొక్క నాటలేదు. ఆశ్చర్యమేమంటే, పిల్లలు మానకుండా వచ్చింది కూడా ఆ ఆర్నెల్లే. నాలుగో నంబరు చిగురేసిందా, ఏడో నంబరుని మేక మళ్ళీ కొరికిందా అన్నది వాళ్ళకి క్రికెట్ స్కోరులాగా పట్టుకుంది.

అప్పుడే ఒకామె వచ్చింది, గుంపులో ఒక పిల్లాడి తల్లి. మాతో కొట్లాడ్డానికి రాలేదు, మెల్లగానే అంది: "సారూ, నేను పొద్దూకుల మట్టిల పని చేసే వీణ్ణి సదివిస్తున్న. వాడన్న ఏసీల కూసోవాలని. మీరు ఏసీలకెళ్ళి దిగొచ్చి వాని చేతికి గడ్డపార ఇస్తున్రు."

దీనికి నా దగ్గర గబుక్కున జవాబు లేకపోయింది. ఇప్పుడు కూడా పూర్తిగా లేదు. ఆమె చెప్పినదాంట్లో ఈ విషయం మొత్తం ఉంది. "చదవకపోతే మట్టి మోసుకోవాలి" అని వింటూ పెరిగినవాళ్ళమే మనందరం. చాలా బళ్ళలో హోంవర్కు చేయనివాడికి వేసే శిక్ష చెట్లకి నీళ్ళు పోయడం. మట్టిపని ఎవరు చేయాలో కులం తేల్చిన దేశంలో, ఒక తరం చదువు పట్టుకుని దాంట్లోంచి బయటపడబోతుంటే, గేటెడ్ కమ్యూనిటీ నుంచి వచ్చిన నాలాంటివాడు "శ్రమలో ఆనందం ఉంది తమ్ముడూ" అనడం ఎలా వినిపిస్తుందో నేను ఊహించుకోగలను. నాకు ఆదివారం చెమట ఒక మార్పు. ఆమెకి అది వారం మొత్తం.

ఈ ముడిని వేరేచోట్ల ఎలా విప్పారా అని చదివాను. అమెరికాలో 1933లో, మహామాంద్యం నడుమ, సివిలియన్ కన్జర్వేషన్ కోర్ పెట్టారు. 1942 దాకా దాదాపు ముప్పై లక్షలమంది కుర్రాళ్ళు అడవుల్లో, పార్కుల్లో పనిచేశారు. నెలకి ముప్పై డాలర్లు జీతం, అందులో పాతిక దాకా నేరుగా ఇంటికి వెళ్ళేది. అది మచ్చలేనిదేం కాదు. నల్లజాతి కుర్రాళ్ళని విడి క్యాంపుల్లో పెట్టారు, ఆడపిల్లలకి చోటే లేదు. ఆ తర్వాత 1955లో ఎలిజబెత్ కుష్‌మన్ అనే కాలేజీ అమ్మాయి విద్యార్థులతో ఇలాంటి పనే చేయించవచ్చని తన థీసిస్‌లో ప్రతిపాదించింది, 1957లో చేసి చూపించింది. 1970లో యూత్ కన్జర్వేషన్ కోర్ వచ్చింది. పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ళవాళ్ళకి వేసవిలో కొన్ని వారాల పని. దానికి జీతం ఉంది.

నన్ను ఆపింది ఆ చివరి మాట. మన దగ్గర పిల్లలు చేసేదాన్ని సేవ అంటాం, శ్రమదానం అంటాం. దానం ఇవ్వడానికి ముందు చేతిలో ఏదో ఒకటి మిగిలుండాలి కదా. ఉపాధి హామీ పని పద్దెనిమిది నిండినవాళ్ళకే. అది సబబే, పిల్లల్ని కూలికి పంపమని నేననను. కానీ ప్రమాదం లేని పని, వారానికో పూట, చదువుకి అడ్డురాకుండా, చిన్న స్టైపెండ్‌తో, నేర్పేవాళ్ళ తోడుతో అయితే? పద్నాలుగు దాటినవాళ్ళకి మన చట్టం దీన్ని కాదనదు. డబ్బు చేతికొస్తే ఆ తల్లి ప్రశ్న మాయమైపోదు. కాకపోతే ఆ పని శిక్షలా, దయలా కాకుండా పనిలాగా కనిపిస్తుంది.

ఇది మొక్కల ముచ్చట మాత్రమే అయితే ఇంత పట్టుదల అక్కర్లేదేమో. 2020 అక్టోబర్ 13 రాత్రి గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగింది. మేం రోజూ ఆఫీసుకి వెళ్ళొచ్చే బెంగళూరు హైవే మీదికి నీళ్ళు ఎగదన్నాయి, వాహనాలు కొట్టుకుపోయాయి, మనుషులు చచ్చిపోయారు. ఆ చెరువులో కట్టిన షెడ్లని 2024 ఆగస్టు చివర్లో హైడ్రా కూల్చింది. అప్పటిదాకా ఆ హైవే మీద రోజూ తిరిగిన మాలో చాలామందికి అక్కడొక చెరువుందనే తెలీదు.

పాత ఊళ్ళలో దీనికొక మనిషి ఉండేవాడు, నీరటి. తూము ఎప్పుడెత్తాలి, కట్ట ఎక్కడ చెమ్మగిల్లుతోంది, వాగు ఎక్కడ పూడింది అన్నది ఆయన కళ్ళకి తెలిసేది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఆన్-కాల్‌లో ఉండే మనిషి. కొత్త ఫీచర్ విడుదల చేసినవాడికి కేకు కోస్తారు, రాత్రి రెండింటికి లేచి సిస్టమ్‌ని నిలబెట్టినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. చెరువులదీ అదే కథ. వ్యవసాయం పోయి ప్లాట్లు వచ్చాక నీరటికి పని లేకుండా పోయింది, చూసే కళ్ళు పోయాయి.

ఆ కళ్ళు పదిహేనేళ్ళ పిల్లలకి ఉన్నాయి. మా చెరువు దగ్గర, వాగు మీద ఎవరో లారీలతో మట్టి పోస్తున్నారని ముందు చూసింది వాళ్ళే, మేం కాదు. ఫొటో తీసి, తారీఖు రాసి, పంచాయతీలో అర్జీ ఇప్పించారు. మట్టి పోయడం ఆగింది. పోసినది మాత్రం ఇంకా అక్కడే ఉంది.

కాబట్టి ఈ వయసు పిల్లలకి ఏదైనా కార్యక్రమం పెట్టేవాళ్ళకి నేను చెప్పేది పెద్దదేం కాదు. ఒక బడి, ఒక చెరువు, పన్నెండుమంది పిల్లలు, రెండేళ్ళు. మంచి గ్లవ్స్, సైజు సరిపోయే బూట్లు. ప్రతినెలా చేతికి కొంత డబ్బు. ఏది బతికింది, ఏది పోయింది, నీళ్ళు ఎంతదాకా వచ్చాయి అని వాళ్ళే రాసే ఒక పుస్తకం, దాన్ని చదివి జవాబు చెప్పాల్సిన ఒక అధికారి. ఫొటోలు కావాలంటే జులైలో వద్దు, రెండో ఏడు మే నెలలో తీయండి.

ఆ తల్లి కొడుకు ఇప్పుడు పదో తరగతి. పరీక్షలయ్యేదాకా రాడు, రావద్దని మేమే చెప్పాం. పుస్తకం చెల్లెలికి అప్పగించాడు. పోయిన ఆదివారం ఆ పిల్ల రాసింది: "9 నంబర్ కానుగ. నీళ్ళు పోసినం. పాదు చిన్నగైంది, పెద్దగ చేయాలె."