మొదటి కోన్ నుంచే పట్టు

ఆటోక్రాస్‌లో వార్మప్ ల్యాప్ ఉండదు. స్టార్టర్ చెయ్యి ఊపగానే బండి కదులుతుంది, గేరు మార్చేలోపు మొదటి మలుపు మీదకొస్తుంది, నిమిషం తిరిగేసరికి అంతా అయిపోతుంది. పెద్ద పార్కింగ్ స్థలంలోనో, వాడకంలో లేని రన్‌వే మీదో నారింజరంగు కోన్లు పేర్చి దారి చేస్తారు. ఒక్కో బండి విడిగా గడియారంతో పోటీ పడుతుంది. ప్రతి కోన్ చుట్టూ నేల మీద సుద్దతో గడి గీసి ఉంటుంది. కోన్ పడినా, గడి దాటి పూర్తిగా బయటికి జరిగినా 2 సెకన్లు కలుపుతారు. గేటు, అంటే కోన్ల మధ్య దాటాల్సిన దారి, తప్పితే ఆ రన్ లెక్కలోకే రాదు. గెలుపోటములు సెకనులో వెయ్యో వంతు దాకా కొలిచే ఆటలో 2 సెకన్లు పోయాయంటే ఆ రన్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

సర్క్యూట్ రేసు బండికి రెండు మూడు చుట్లు తిరిగాక టైరు వేడెక్కి పట్టు వస్తుంది, డ్రైవరుకి బండి అర్థమవుతుంది. మా బండికి ఆ తీరిక లేదు. చల్లటి టైరుతో, మొదటి కోన్ దగ్గరే, డ్రైవరు నమ్మి స్టీరింగ్ తిప్పగలిగేలా బండి ఉండాలి. నేను చేసే ప్రతి సర్దుబాటూ దీని కోసమే. కాగితం మీద ఎంత వేగమైన సెట్టింగ్ అయినా, దానికి అలవాటు పడటానికి నాలుగు రన్‌లు కావాలంటే అది మాకు పనికిరాదు.

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, లారీల కింద పడుకుని. కమాన్ కట్టలు, కింగ్‌పిన్నులు, స్టీరింగ్ రాడ్లు నాకు చదువు చెప్పాయి. చెప్పుల అరుగుదల చూసి మనిషి నడక చెప్పినట్టు టైరు అంచు చూసి బండి నడక చెప్పడం అక్కడ మా మేస్త్రీ నేర్పిన విద్య. ఇప్పుడు డాలస్ పక్కన ఒక షాపులో అలైన్‌మెంట్, సస్పెన్షన్ పని చేస్తున్నాను. వారమంతా ఆఫీసులకి వెళ్లే బండ్లు, వారాంతం ఆటోక్రాస్ బండ్లు. నా దగ్గరికి వచ్చేవి చాలావరకు స్ట్రీట్ క్లాసువే. అంటే సోమవారం ఆఫీసుకి వెళ్లే బండే ఆదివారం పోటీలో దిగుతుంది.

అమెరికాలో ఈ ఆటని నడిపే సంస్థల్లో పెద్దది ఎస్‌సీసీఏ, 1944లో పుట్టింది. సోలో అనే పేరుతో 1973 నుంచి జాతీయ పోటీలు పెడుతోంది. 2009 నుంచి అవి నెబ్రాస్కాలోని లింకన్‌లో, పాత వైమానిక స్థావరం కాంక్రీటు మీద జరుగుతున్నాయి. సెప్టెంబరులో వెయ్యికి పైగా డ్రైవర్లు అక్కడికి చేరతారు. స్ట్రీట్ క్లాసు నిబంధనలు చాలా కట్టుదిట్టం. స్ప్రింగులు కంపెనీవే ఉండాలి. చక్రం వెడల్పు మారకూడదు, వ్యాసం మాత్రం ఒక అంగుళం అటూ ఇటూ కావచ్చు. షాక్ అబ్జార్బర్లు మార్చుకోవచ్చు. మలుపులో బండి ఒరుగుదలని తగ్గించే స్వే బార్ ముందుదో వెనకదో ఒక్కటే మార్చాలి. బ్రేక్ ప్యాడ్లు, క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాతి సైలెన్సర్ మన ఇష్టం. ఇంజను జోలికి పోకూడదు.

ఇక టైరు. దాని ట్రెడ్‌వేర్ అంకె 200కి తగ్గకూడదు. ఆ అంకె టైరు ఎంతకాలం మన్నుతుందో చెప్పేది, పక్కగోడ మీద అచ్చు వేసి ఉంటుంది. కానీ పరీక్ష చేసుకునేదీ అంకె వేసుకునేదీ తయారీదారే. అందుకే 200 అని రాసున్న టైర్లన్నీ ఒకటి కావు. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్, యోకోహామా ఏ052 లాంటివి రోడ్డు టైర్ల పేరుతో వచ్చినా వేలితో రాస్తే జిగురు తెలుస్తుంది. ఏ052 చల్లగా ఉన్నప్పుడే పట్టేస్తుంది, అంతే తొందరగా వేడెక్కి జారడం మొదలుపెడుతుంది. కాబట్టి ఏ టైరు వేయాలనేది వాతావరణాన్ని బట్టి, ఆ బండిని ఎంతమంది నడుపుతారన్న దాన్ని బట్టి తేలుతుంది.

కొనగలిగేవి ఇంత తక్కువ కాబట్టి మిగతాదంతా కొలతల్లో రాబట్టాలి. నాకు ఈ క్లాసు మీద ఇంత ఇష్టం ఉండటానికి కారణం అదే. డబ్బు ఉన్నవాడు, లేనివాడు ఇద్దరూ నా లిఫ్టు మీదకి వచ్చేసరికి ఒకే రకం బోల్టులతో వస్తారు.

మొదట చూసేది క్యాంబర్. మెత్తటి స్ప్రింగుల బండి మలుపులో బాగా ఒరుగుతుంది. ఒరిగినప్పుడు బయటివైపు ముందు టైరు తన బయటి అంచు మీదకి వాలిపోతుంది. మధ్యభాగం, లోపలి భాగం పని లేకుండా ఉంటాయి, అంచు మాత్రం నలిగిపోతుంది. చక్రం పైభాగాన్ని ముందే లోపలికి వంచి పెడితే ఒరిగినప్పుడు టైరు నేల మీద చదునుగా కూర్చుంటుంది. రెండున్నర, మూడు డిగ్రీలు దొరికితే సంతోషమే గాని స్ట్రీట్ క్లాసులో దొరకవు. కంపెనీ ఇచ్చిన సర్దుబాటు బోల్టు ఎంతవరకు తిరిగితే అంతవరకే.

మాజ్దా మియాటాలో ముందు కింది ఆర్మ్‌కి రెండు క్యామ్ బోల్టులుంటాయి. క్యాంబర్, క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలడం) రెండూ వాటితోనే మారతాయి. క్యాస్టర్ కొంచెం వదులుకుంటే క్యాంబర్ ఇంకొంచెం వస్తుంది. నేను డ్రైవరు బరువుకి సరిపడా ఇసుక బస్తాలు సీట్లో పెట్టి, ట్యాంకులో పోటీ రోజు ఉండేంత పెట్రోలే ఉంచి, ఒక బోల్టు చివరి దాకా తిప్పి రెండోదాన్ని దానికి అనుగుణంగా జరుపుతూ వస్తాను. ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి అన్నట్టు అంకెలు వస్తే, ఎక్కువ వచ్చినదాన్ని తక్కువదానికి సమానం చేస్తాను. కొంతమంది ఒప్పుకోరు, ఎంత వస్తే అంత తీసుకోమంటారు. స్టీరింగ్ ఎడమకి ఒకలా, కుడికి ఒకలా తిరిగే బండిని నిమిషంలో ఏ డ్రైవరూ అర్థం చేసుకోలేడు. ఈ విషయంలో నేను మాట మార్చను.

సుబారు బీఆర్‌జెడ్ లాంటి స్ట్రట్ బండ్లలో ఆ వెసులుబాటు ఇంకా తక్కువ. అక్కడ స్ట్రట్‌ని హబ్బుకి బిగించే బోల్టులు వదులు చేసి, రంధ్రంలో ఉన్న కొద్దిపాటి ఆటనంతా ఒకే వైపుకి తీసుకోవాలి. ఒకరు చక్రం పైభాగాన్ని గట్టిగా లోపలికి నెట్టి పట్టుకుంటే ఇంకొకరు టార్క్ రెంచితో బిగిస్తారు. అలా డిగ్రీలో కొన్ని పదో వంతులు వస్తాయి. చిన్న లాభమే అయినా, సీజన్ మొత్తం టైరు అంచుని అదే కాపాడుతుంది.

అలైన్‌మెంట్ యంత్రం ఇచ్చే కాగితం మీద ఈ అంకెలన్నీ ఎర్రగా వస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లు అది చూసి గాబరా పడతారు. కంపెనీ చెప్పిన హద్దు వేరు, బోల్టు తిరిగే హద్దు వేరు. నిబంధన రెండోదాన్ని అనుమతిస్తుంది. పచ్చ రంగు అంకెలు టైరు ఎక్కువ కాలం మన్నడానికి పెట్టినవి, మలుపులో పట్టు కోసం పెట్టినవి కావు.

క్యాంబర్ తర్వాత టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో (టో-ఇన్) బయటికో (టో-అవుట్) తిరిగి ఉండటం. ముందు రెండు చక్రాలకీ కలిపి 3 మిల్లీమీటర్ల దాకా టో-అవుట్ పెడితే స్టీరింగ్ కదిలించగానే బండి ముక్కు తిరుగుతుంది. కానీ అదే బండి హైవే మీద గంటల తరబడి ఇంటికి వెళ్లాలి, టైరు లోపలి అంచు అరిగిపోతుంది. దూరం నుంచి వచ్చేవాళ్లకి నేను సున్నాకి దగ్గరగానే ఉంచుతాను. వెనక మాత్రం కాస్త టో-ఇన్ ఉండి తీరాలి. స్లాలమ్‌లో, అంటే వరుస కోన్ల మధ్య అటూ ఇటూ తిరిగేటప్పుడు, యాక్సిలరేటర్ వదిలినా వెనక భాగం డ్రైవరుని మోసం చేయకుండా నిలబెట్టేది అదే.

స్ప్రింగు మెత్తనైనప్పుడు షాక్ అబ్జార్బర్ మీద భారం పెరుగుతుంది. స్లాలమ్‌లో బండి ఎడమకి ఒరిగి సర్దుకునేలోపే కుడికి ఒరగాలి. ఒరిగేది ఎంత అన్నది స్ప్రింగు, బారు తేలుస్తాయి, ఎంత త్వరగా ఒరుగుతుందన్నది షాక్ తేలుస్తుంది. రీబౌండ్, అంటే స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు షాక్ ఆపే బలం, పెంచిన కొద్దీ బండి బిగువుగా, చురుగ్గా అనిపిస్తుంది. మరీ పెంచితే స్ప్రింగు తిరిగి సాగడానికి సమయం చాలక బండి కోను కోనుకీ కిందకి దిగిపోతుంది, చివరి కోన్ల దగ్గర బంపు స్టాపుల మీద నడుస్తూ ఉన్నట్టుండి జారుతుంది. కుర్రాళ్లకి బిగువు ఇష్టం. నేను గట్టి వైపు నుంచి కాక మెత్తటి వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కో క్లిక్కు పెంచుకుంటూ పోతాను. టైము తగ్గడం ఆగిన చోట ఆపుతాను.

స్వే బార్ గురించి ఒక మాట. ముందు బారు లావు చేస్తే ముందు పట్టు తగ్గుతుందని పుస్తకాలు చెబుతాయి, నిజమే. కానీ క్యాంబర్ తక్కువగా ఉన్న వెనక చక్రాల డ్రైవ్ బండికి అదే బారు ఒరుగుదల తగ్గించి బయటి టైరుని చదునుగా ఉంచుతుంది, లోపలి వెనక చక్రం నేలని వదలకుండా చూస్తుంది. మలుపు బయటికి వచ్చేటప్పుడు డ్రైవరు ముందుగానే యాక్సిలరేటర్ తొక్కగలుగుతాడు. ముందు చక్రాల డ్రైవ్ బండికి మాత్రం వెనక బారే మార్చాలి. లోపలి వెనక చక్రం గాల్లోకి లేస్తుంది, చూసినవాళ్లు భయపడతారు, బండి మాత్రం చక్కగా తిరుగుతుంది.

పోటీ రోజు షాపులో చేసిన పనంతా టైరు గాలి మీదకి వస్తుంది. మియాటా బరువు 1,100 కిలోల లోపే కాబట్టి వేడి మీద 30 పీఎస్ఐ దగ్గర మొదలుపెడతాను. టైరు భుజం మీద తెల్ల బూటు పాలిష్ అడ్డంగా పూస్తాను. రన్ అయ్యాక పాలిష్ ఎంతవరకు చెరిగిందో చూస్తే టైరు ఎంత మడతపడిందో తెలుస్తుంది. పక్కగోడ మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, అది దాటి చెరిగితే గాలి చాలలేదన్నమాట.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ప్లేనో నుంచి ఒక తెలుగు జంట ఉన్నారు. ఇద్దరూ ఒకే మియాటాని, ఒకే క్లాసులో నడుపుతారు. అతని రన్ అవగానే సీటు సర్దుకుని ఆమె ఎక్కుతుంది. టైరుకి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. టెక్సస్ ఎండలో ఒక జులై మధ్యాహ్నం ఆమె దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, ముందు భాగం అసలు తిరగడం లేదు. ఈయనకి బానే ఉందంట."

"టైరు మీద చెయ్యి పెట్టమ్మా."

పెట్టిన చెయ్యి వెంటనే తీసేసింది. గేజి పెడితే పొద్దున ఉన్నదానికన్నా 4 పీఎస్ఐ ఎక్కువ. తోటకి మందు కొట్టే చేతి పంపుతో నాలుగు టైర్ల మీదా నీళ్లు కొట్టి, ముందు గాలి తగ్గించి, వెనక అలాగే వదిలేశాను. అప్పట్నుంచి వాళ్లు ప్రతి రన్ ముందూ ఎవరు నడుపుతున్నారు, గాలి ఎంత, ఎండ ఎలా ఉంది అని చిన్న పుస్తకంలో రాసుకుంటున్నారు. నేను ఎవరికైనా మొదట చెప్పేది ఈ పుస్తకం సంగతే. రాయనివాడికి ఏ సర్దుబాటు పని చేసిందో ఎప్పటికీ తెలియదు.

ఈ ఆటలో నడపని వంతులో డ్రైవర్లే కోర్సు మీద నిలబడి పడిన కోన్లు ఎత్తిపెట్టాలి. నాకు ఆ డ్యూటీ అంటే ప్రాణం. మలుపు పక్కన నిలబడితే టైరు గొంతు వినపడుతుంది. పట్టు ఉన్న టైరు మందంగా ఒకే తీరుగా మోగుతుంది, పట్టు తప్పిన టైరు పైస్థాయికి పోయి కీచుమంటుంది. డ్రైవరు "ముందు జారుతోంది" అని చెప్పేదీ, నేను విన్నదీ చాలాసార్లు వేరు. ఎక్కువ వేగంతో మలుపులోకి దూరి స్టీరింగ్ అదనంగా తిప్పేస్తే ఏ సెట్టింగ్ అయినా ముందు జారుతుంది. అప్పుడు నేను రెంచి పట్టుకోను, బ్రేకు ఇంకొంచెం ముందు వేయమంటాను.

లింకన్ కాంక్రీటు మా తారు పార్కింగుల కంటే ఎక్కువ పట్టు ఇస్తుంది. పట్టు పెరిగితే ఒరుగుదల పెరుగుతుంది, టైరు మడత పెరుగుతుంది, కాబట్టి గాలి రెండు పాయింట్లు ఎక్కువతో మొదలుపెడతాం. రెండు రోజులు, రెండు వేరు వేరు కోర్సులు, రోజుకి 3 రన్‌లు. ఒక్కో రోజు బాగా వచ్చిన టైము తీసుకుని రెండూ కలుపుతారు. ముందుగా కోర్సుని కాళ్లతో నడిచి చూడాలే గాని బండితో ప్రాక్టీసు ఉండదు.

మొన్న ఆ జంట లింకన్‌కి బండి సిద్ధం చేయించుకోవడానికి వచ్చారు. "అన్నా, వెనక టో-ఇన్ తీసేద్దాం. బండి ఇంకా తిరగాలి నాకు" అన్నాడతను. నేను ఆమె వైపు చూశాను. "ఉన్న 3 రన్‌లలో ఒకటి భయానికే పోతుంది అన్నయ్యా. ఉంచండి" అంది. పుస్తకం తెరిచి చూశాం. టో-ఇన్ తగ్గించి నడిపిన రోజున అతని మొదటి రన్‌లు కూడా నెమ్మదిగానే ఉన్నాయి, మూడో రన్‌కి గాని వేగం రాలేదు. వెనక టో కదపలేదు. ముందు బారు లింకుని ఒక రంధ్రం మెత్తటి వైపు మార్చి, అతను అడిగిన తిరుగుడు అక్కడ ఇచ్చాను. చక్రాల నట్లు టార్క్ రెంచితో మరోసారి చూసి, అంకెలన్నీ వాళ్ల పుస్తకంలో రాసి తాళాలు ఇచ్చాను.