టైరు చెప్పే సాక్ష్యం

కారు టైరు అనుకున్నదానికన్న ముందే అరిగిపోతే నింద మొదట రోడ్డుపై పడుతుంది, తరువాత టైరు తయారుచేసిన కంపెనీపై పడుతుంది. యజమాని గొణుక్కుంటూ కొత్త టైరు కొంటాడు. కొన్ని నెలలకు అదీ పాతదాని దారినే పోతుంది. మారింది టైరే గాని, దానిని అరగదీసిన కారణం కారులోనే ఉండిపోయింది. పాత టైరును అవతల పారవేసే ముందు కాస్త పరిశీలించి ఉంటే అది ఆ కారణమేమిటో చెప్పి ఉండేది.

నడిమి భాగం మాత్రమే అరిగితే గాలి ఎక్కువైనట్లు, రెండంచులూ అరిగితే తక్కువైనట్లు. ఇది పంక్చర్లు వేసే కుర్రవాడికి సైతం తెలుసు. ఒకే అంచు అరిగినప్పుడు మాత్రం అనుమానం చక్రాల అమరికపైకి, అంటే వీల్ అలైన్‌మెంట్‌పైకి, పోవాలి.

ఇందులో ముఖ్యమైన కోణాలు మూడు. ఎదుట నిలిచి చూసినప్పుడు చక్రం లోపలికో బయటికో వాలి ఉండడం కాంబర్. లోపలికి మితిమీరి వాలితే లోపలి అంచు అరుగుతుంది. చక్రం ఏ అక్షం చుట్టూ మలుపు తిరుగుతుందో, ఆ అక్షం వెనక్కి వాలడం కాస్టర్. సైకిలు ముందు ఫోర్కు వాలుగా ఉండడంలోని కిటుకు ఇదే. మలుపు దాటాక స్టీరింగు తనంతట తాను నిటారుకు రావడం చాలావరకు దీని చలవే. టైరుకు దీనివల్ల కలిగే నష్టం స్వల్పం.

అసలు దొంగ మూడవది, టో. ముందు చక్రాల ముక్కులు ఒకదానివైపు ఒకటి తిరిగి ఉంటే టో-ఇన్, ఎడంగా ఉంటే టో-అవుట్. వెనుక చక్రాలు తోసే అంబాసిడర్ వంటి కార్లలో రోడ్డు నిరోధం ముందు చక్రాలను ఎడంగా నెట్టుతుంది గనుక కొద్దిపాటి టో-ఇన్ ఉంచేవారు. 1983 చివర వచ్చిన మారుతి 800లో లాగేవి ముందు చక్రాలే; ఇంజను బలానికి అవి లోపలికి తిరగజూస్తాయి. కనుక ఒక కారు కొలత మరొక కారుకు చెల్లదు.

తేడా మిల్లీమీటర్లలోనే గదా అనిపించవచ్చు. లెక్క వేసి చూస్తే సంగతి బోధపడుతుంది. 600 మిల్లీమీటర్ల వ్యాసం గల చక్రం ఒకటిన్నర మిల్లీమీటర్లు పక్కకు తిరిగి ఉన్నదనుకుందాం. కిలోమీటరు దొర్లేలోగా అది రెండున్నర మీటర్లు అడ్డంగా ఈడ్వబడినట్లే. హైదరాబాదు నుంచి విజయవాడ చేరేసరికి ఆ ఈడ్పు ఆరువందల మీటర్లు దాటుతుంది! అటువంటి టైరుపై చేయి అడ్డంగా రాస్తే ఒకవైపు నున్నగా, ఎదురువైపు రంపపు పళ్లవలె తగులుతుంది.

నష్టం డబ్బుతో పోతే బాగుండును. టో-అవుట్ ఎక్కువైనా, చక్రం లోపలికి వాలినా అరిగేది లోపలి అంచు. కంటికి ఆనేది బయటి అంచు. రోజంతా అద్దె కారు నడుపుకొనే మనిషి పొద్దున్నే బండి తుడిచేటప్పుడు ఆ బయటి గాడులనే చూచి నిశ్చింతగా బయలుదేరుతాడు. వానలో నీటిని పక్కకు తోయవలసిన గాడులు లోపలివైపు లేనే లేవు. బ్రేకు వేసిననాడు ఒక చక్రం పట్టి, రెండవది జారితే వెనుక కూర్చున్నవారి ప్రాణాలకు పూచీ ఎవరిది?

కారు ఎడమకు లాగుతున్నదని వెంటనే అలైన్‌మెంట్ యంత్రమెక్కించడమూ తొందరపాటే. మన రోడ్లు చాలావరకు ఎడమ అంచుకు వాలి ఉంటాయి. ఎడమ టైరులో గాలి తగ్గినా, ఆ వైపు బ్రేకు పట్టేసినా అదే లక్షణం కనబడుతుంది. వేగం పెరిగినప్పుడు స్టీరింగు వణకడం సాధారణంగా బ్యాలెన్సింగు లోపం. పూర్వం మెకానిక్కులు దారం సాగదీసి టో కొలిచేవారు. నేటి యంత్రాలు కెమెరాలతో కొలిచి అంకెలు అచ్చువేసి ఇస్తున్నాయి. కాని టై రాడ్ చివర వదులై ఉంటే ఆ అంకెలు షాపు గేటు దాటేవరకే నిజం. ముందు గాలి, తరువాత జాయింట్లు, ఆపైన అలైన్‌మెంట్: ఈ వరుస తప్పరాదు.

లోపలి అంచును చూడడానికి యంత్రం అక్కరలేదు. ఆగి ఉన్న కారులో స్టీరింగును ఒకవైపు పూర్తిగా తిప్పి, దిగి వంగి చూస్తే చాలు. గాడుల అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న దిమ్మెలుంటాయి. రబ్బరు ఎక్కడైనా వాటి మట్టానికి దిగితే, బయటివైపు ఎంత కొత్తగా కనిపించినా, ఆ టైరును తీసివేయవలసిందే.