వత్తుకు చోటు

వస్తువే ముఖ్యం, రూపం దాని వెంట నడిచి వస్తుందని తరగతిలో ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాను. నమ్మే చెప్పాను. మొన్న నా పూర్వ విద్యార్థిని ఒకామె తాను గీసిన అక్షరాల కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అచ్చక్షరాలకు రూపకల్పన చెయ్యడం ఆమె ఇప్పుడు నేర్చుకుంటున్న విద్య.

మాటల్లో బౌహౌస్ ప్రస్తావన వచ్చింది. 1919లో జర్మనీలో వెలసిన కళాశాల అది. అక్కడి హెర్బర్ట్ బేయర్ 1925లో పెద్దబడి అక్షరాలను తీసివేసి, చిన్నబడితోనే ఒక లిపి గీశాడు.

"మనకు లేనే లేని పెద్దబడిని ఎట్లా తీసేస్తావమ్మా?" అని నవ్వాను.

"అందుకే నేను వత్తుల దగ్గర మొదలుపెట్టాను మాస్టారూ," అంటూ 'రాష్ట్రం' అన్న మాట చూపించింది. అందులో ట, ర రెండూ వత్తులై షకారాన్ని అంటిపెట్టుకుంటాయి. వాటికి చోటిస్తే వరసలు ఎడమై కాగితం ఎక్కువ పడుతుంది. ఇవ్వకపోతే కింది వరసలోని గుడులకు తగులుతాయి. పోనీ కుదిద్దామంటే, చిన్న అచ్చులో వత్తు ఆనదు.

"ఎన్నో రకాలుగా గీశాను. రాత్రిబడిలో చదువు నేర్చిన మా అమ్మమ్మ చేత చదివించాను. ఆమె వేలు ఆగినచోటల్లా మళ్ళీ గీశాను," అన్నది.

ప్రజల కోసం సాహిత్యమని ఎన్నో వ్యాసాలు రాశాను. ఆ వేలు ఎక్కడ ఆగుతుందో ఒక్కనాడూ చూడలేదు. ఈసారి రూపాన్ని గురించి పాఠం చెప్పేనాడు ఆ కాగితాలు తరగతికి తీసుకుపోతాను.