నిరీక్షణ

తెలుగు బైబిలులో "నిరీక్షణ" అను మాట తరచుగా కనిపించును. ఆంగ్లములో 'హోప్' అని యున్నచోట మన అనువాదకులు చాలచోట్ల ఈ మాటనే ఎన్నుకొన్నారు. వాడుకలో నిరీక్షించుట అనగా ఎదురుచూచుట. ఆశయు, ఎదురుచూపును ఒకే మాటలో ఇమిడినవన్న సంగతిని చదువుకొనునప్పుడు నేను గమనింపలేదు. చదువు ముగిసిన పిదప నాలుగేండ్లు ఖాళీగా గడచినప్పుడు గమనించితిని. విద్యార్థి మిత్రులలో ఫలితము కొరకు, ఉద్యోగము కొరకు ఎదురుచూచువారు పలువురుందురు గనుక ఇది వ్రాయుచున్నాను.

ఎం.ఏ. ముగించి గురజాల చేరిన నాటినుండి అధ్యాపక నియామకపు ఉత్తరువు కొరకు చూచితిని. జాబితాలో పేరున్నది, పిలుపు లేదు. అడిగినప్పుడెల్ల "వచ్చే నెల" అనెడివారు. రెండవ యేట మిరపచేను బొబ్బర తెగులుతో పోయినది. మూడవ యేట నాన్నగారు మంచము పట్టి మరి లేవలేదు. ప్రార్థనకూటమునకు వచ్చిన పెద్దలు "దేవుని సమయం ఇంకా రాలేదు బాబూ" అని ఓదార్చెడివారు. వారి ప్రేమను శంకింపను. కాని ఆ మాట విన్నప్పుడెల్ల నా మనస్సు మూసుకొనిపోయెడిది. కష్టములో నున్నవానితో అంత తొందరగా అనదగిన మాట కాదది.

అమ్మ అట్టి మాట ఒక్కటియు అనలేదు. మా సంఘములలో పిడికెడు బియ్యము అను ఆచారము కలదు. వంటకు బియ్యము కొలిచినప్పుడు ఒక పిడికెడు తీసి, సంఘము కొరకు వేరొక కుండలో వేయుదురు. బియ్యము అప్పు తెచ్చిన దినములలో కూడ ఆమె అది మానలేదు.

"ఇప్పుడెందుకమ్మా?" అని అడిగితిని.

"కూడు వండుతున్నాం గదరా" అన్నది.

మా ఊరికి ఇట్టి ఓర్పు క్రొత్త కాదు. జర్మనీలో జన్మించి, అమెరికా లూథరన్ సంఘముచే పంపబడిన ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు చేరెను. నడుమ అమెరికా కేగి, వైద్యవిద్య నభ్యసించి మరల వచ్చి, 1849లో గురజాలకు తరలి పల్నాట పనిచేసెను. 1857లో భారతదేశము విడిచెను. తరువాత పనివారు కరువై, రాజమండ్రి క్షేత్రమును వేరొక సంఘమునకు అప్పగింప తలపెట్టినప్పుడు, తానే వెళ్ళెదనని ముందుకు వచ్చి, 1869లో 76 ఏండ్ల వయస్సున ఓడ యెక్కెను. ఆ ప్రయాణమును అందరును మెచ్చుకొందురు. నాకు మాత్రము నడిమి పండ్రెండేండ్లు ఎక్కువ విలువైనవిగా తోచును. ఆ కాలమున ఆయన మిన్నెసోటాలో సంఘములు కట్టుచుండెను. తెలుగునాట తన పని ఏమగునో తెలియకయే.

మన ఉర్దూ శాఖలోని సహాధ్యాపకులొకరు ఈ సంగతి విని "సబ్ర్" అన్నారు. చేతనున్న పనిని విడువక నిలబడుట కూడ ఆ మాటలోనే యున్నదని వివరించిరి. రంజాను మాసమున పగలెల్ల నోట నీరైన పోయక, ఒక్క తరగతియైన ఎగవేయని మనిషి ఆయన.

ఉత్తరువు ఐదవ యేట వచ్చినది. నాన్నగారు అప్పటికి లేరు. ఈ రెండింటిని ముడివేసి ఇదియే దైవసంకల్పమని ఎవరైన చెప్పినచో నేనంగీకరింపను. అయినను ఆదివారము ఆరాధనకు వెళ్ళుచునే యున్నాను. నాన్నగారు కూర్చుండిన వరుసలోనే కూర్చుండి, జవాబు రాని ఆ ప్రశ్నను దేవుని యెదుటనే అడుగుచున్నాను. మొదటి జీతముతో కొన్న బియ్యపు బస్తా ఇంటికి చేరిన దినమున, ఈసారి రెండు పిడికిళ్ళు వేయునేమో యని చూచితిని. అమ్మ ఎప్పటివలె ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఎసరు పొంగుచున్నదని పొయ్యి వైపు తిరిగినది.